గుప్పెడు బియ్యం

ఈ నెల ముచ్చట ఊరగాయల గురించీ కాదు, పిల్లల చదువుల గురించీ కాదు. మనం చేసిన ఒక పొరపాటును గురించి. మనం అంటే ముందుగా నేను. చదివి నన్ను కోప్పడినా సరే, కాగితం మాత్రం సగంలో మడిచి పక్కన పెట్టకండి.

మొన్న ఉగాదికి మన సంఘం వేడుకలో ఒక అమ్మాయి పాడింది గదా. మీలో చాలామంది వినే ఉంటారు. నాలుగు తరాలుగా ఈ చెన్నపట్నంలోనే ఉంటున్న కుటుంబం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు, మనందరి మాదిరే. చిన్నప్పటినుంచీ వీణ నేర్చింది. ఇప్పుడు తానే తెలుగులో పాటలు కట్టుకొని, వరస కూర్చుకొని, పాడుతున్నది. వెనుక సినిమావారు లేరు, రికార్డుల కంపెనీవారు లేరు. ఆమె పాటకు ఆమే యజమానురాలు. ఇటువంటివారిని ఈ రోజుల్లో స్వతంత్ర సంగీతకారులంటున్నారు. స్వతంత్రం అన్న మాట వినడానికి గొప్పగానే ఉంటుంది. లాభం వచ్చినా నష్టం వచ్చినా తన నెత్తిమీదనే అని దానికి రెండో అర్థం.

ఆనాడు ఆమె పాట వింటూ నా పక్కన కూర్చున్న మామ్మగారు పైటచెంగుతో కళ్లు తుడుచుకున్నారు. చప్పట్లు చాలాసేపు మోగినవి. శాలువా కప్పాం. పళ్లపళ్లెం ఇచ్చాం. జ్ఞాపిక ఇచ్చి ఫొటో తీయించుకున్నాం. భోజనాలకు లేచాం.

సంఘం లెక్కలు రాసే పని మూడేళ్లుగా నాది. మరుసటి వారం చిట్టా ముందు పెట్టుకొని కూర్చున్నాను. షామియానావారికి ఇంత, కుర్చీలవారికి ఇంత, మైకుసెట్టుకు ఇంత, వంటవారికి ఇంత, పూలకు ఇంత అని వరసగా ఉన్నవి. పాట అన్నచోట శాలువా ఖరీదు మాత్రమే ఉన్నది. వేడుకకు ముందు కార్యవర్గంలో ఆ ప్రస్తావన రాకపోలేదు. "మన పిల్లే గదా, డబ్బేమిటి? ఆశీర్వాదం చాలు" అని తేల్చిపారేసిన మనిషి ఒకరున్నారు. ఆ మనిషిని నేనే.

వైశాఖంలో ఒక పెళ్లిలో ఆ అమ్మాయి కనిపించింది. వంగి దండం పెట్టింది. కుశలప్రశ్నలయ్యాక, "మళ్లీ ఎప్పుడు పాడతావే తల్లీ?" అని అడిగాను.

"ఇకమీదట అంతగా పాడనేమో అత్తయ్యా" అన్నది నవ్వుతూనే.

గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. ఉగాదినాడు మృదంగానికి 3,000, వయొలిన్‌కు 3,000, వీణతో సహా ఆటోలకు 800 ఆమె చేతినుంచే పోయినవి. "వాళ్లకీ సంసారాలున్నవి గదా అత్తయ్యా. మన సంఘంమీద నాకు అభిమానమైతే వాళ్లెందుకు ఊరికే వాయించాలి? ఇటువంటి పిలుపులు నెలకు రెండు వస్తే పాడినకొద్దీ అప్పే. ఒక కంపెనీలో ఉద్యోగమిస్తామన్నారు. రాత్రిపూట పని. చేరితే తెల్లవారుజామున లేచి సాధన చేయడం ఇక కుదరదు" అన్నది.

నాకు మాట తోచలేదు. ఆమె మాత్రం, "మీరంతా ఎంత ప్రేమగా విన్నారు! దానికేమీ లోటు లేదు అత్తయ్యా" అన్నది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఇంకొక సంగతి తరువాత తెలిసింది. మన కుర్రవాడొకడు ఆనాటి కచేరీ యావత్తూ ఫోనుతో తీసి, మంచి ఉద్దేశంతోనే, యూట్యూబులో పెట్టాడట. వేలమంది చూశారట. ఆ పాటలనే ఆ అమ్మాయి స్టూడియోలో శుభ్రంగా రికార్డు చేయించి అమ్ముకుందామని డబ్బు కూడబెట్టుకుంటున్నది. ఆమె కొందరిని అడిగితే, "విన్న పాటలే గదా, మళ్లీ కొనడమెందుకు?" అన్నారట.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకొని ఉంటే నాకు త్యాగయ్యగారు గుర్తుకు వచ్చారు. 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో స్థిరపడి, 1847లో సిద్ధి పొందిన ఆయనా మనలాంటివారే. చుట్టూ తమిళదేశం, నోట తెలుగు. తంజావూరు కొలువునుంచి పిలుపు వస్తే కాదన్నారని పెద్దలు చెప్పుకుంటారు. మరి బతుకు ఎలా గడిచింది? ఉంఛవృత్తితో. పాడుకుంటూ వీధి వెంట నడిచేవారు. ఇంటింటి ఇల్లాలూ వాకిట్లోకి వచ్చి గుప్పెడు బియ్యం ఆ పాత్రలో వేసేది. ఇప్పటికీ పుష్య బహుళ పంచమి ఆరాధన నాడు తిరువయ్యారులో విద్వాంసులు ఆ ఉంఛవృత్తిని ఊరేగింపుగా నడుపుతారు.

మనం ఆయన వైరాగ్యాన్ని తలచుకొని చేతులు జోడిస్తాం. ఆ బియ్యం వేసిన చేతులను ఎవరమూ తలచుకోం. రాజును కాదనగలిగిన మనిషికి అన్నం పెట్టింది ఆ వీధి. ఆ గుప్పెడులో మూడు గుణాలున్నవని నాకు తోచింది. పాడినవాని పాత్రలోనే నేరుగా పడింది, మధ్య ఇంకొక చేయి లేదు. ఒకనాడు మూటలు గుమ్మరించి ఏడాదిపాటు మరచిపోవడం గాక, మళ్లీ మళ్లీ పడింది. ఎవరి తాహతుకు మించీ లేదు. ఈ మూడూ ఉంటే అభిమానం అన్నమవుతుంది. లేకపోతే అభిమానం అభిమానంగానే మిగిలిపోతుంది.

ఆయన శిష్యులు చేసిన సేవ ఇంకొకటి. వాలాజపేట వెంకటరమణ భాగవతార్‌వంటివారు ఆయన కీర్తనలను రాసి దాచారు. నేర్చి, నేర్పి, పేరు చెరగకుండా కాపాడారు. డబ్బు లేనివారు చేయగల సాయం ఎంత పెద్దదో దీనివల్ల తెలుస్తుంది.

మరి బెంగుళూరు నాగరత్నమ్మగారు? ఆమె స్వయంగా గొప్ప గాయని. త్యాగయ్యగారి సమాధి పాడుపడి ఉన్నదని తెలిసి, 1920లలో తన సొంత సొమ్ము వెచ్చించి అక్కడ గుడి కట్టించారు. 1952లో కన్నుమూసిన ఆ తల్లి సమాధి కూడా అక్కడే, ఆయన సన్నిధికి ఎదురుగానే ఉన్నది. అభిమానమంటే అది. కాని నాకొక చిన్న సందేహం. పోయినవారికి గుడి కట్టే భక్తి మనకు ఉన్నది సరే; బతికి ఉన్నవారికి బియ్యం వేసే అలవాటు ఏమయింది?

రాజులూ జమీందారులూ వెళ్లిపోయిన తరువాత ఆ భారం సభలమీద పడింది. మన చెన్నైలో మ్యూజిక్ అకాడమీ 1928లో ఏర్పడింది. అంతకు ముందూ తరువాతా పేటపేటకూ సభలు వెలిసినవి. సభ్యులు చందాలు కట్టడం, ఆ చందాతో విద్వాంసులకు ఇవ్వడం మంచి ఏర్పాటు. పదిమంది గుప్పెళ్లూ ఒక పాత్రలో పడడమే గదా అది. కాని ఏం జరుగుతున్నదో మార్గశిరమాసంలో మీరే చూడండి. పేరుమోసినవారి సాయంకాలపు కచేరీకి టిక్కెట్టుకోసం తోసుకుంటాం. మధ్యాహ్నం ప్రవేశరుసుము లేకుండా పాడే చిన్నవారి ఎదుట కుర్చీలు ఖాళీ. ఉన్న కొద్దిమందీ తనియావర్తనం మొదలుకాగానే కాఫీకి లేస్తారు. మృదంగం వాయించే కుర్రవాడు ఏళ్ల తరబడి చేసిన సాధన చూపించుకునే ఘడియ అది. ఆ సమయానికి అతనికి కనిపించేవి మన వీపులు.

"ఈ కాలంలో సభలెందుకండీ, ఫోనులో వింటున్నాంగా, నెలకింతని కడుతున్నాంగా" అంటారు మా అబ్బాయి. నేనూ అదే అనుకొనేదాన్ని. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో వాడిచేతనే చెప్పించుకున్నాను. మీకూ చెబుతాను, వంటింటి లెక్కంత సులువు.

మీరు నెలకు నూరు రూపాయలు కట్టారనుకుందాం. నెలంతా ఆ అమ్మాయి పాటలే విన్నారనుకుందాం. ఆ నూరూ ఆమెకు చేరుతుందనుకుంటాం గదా? అలా కాదు. చాలా కంపెనీలలో అందరి డబ్బూ ఒకే కుండలో పోస్తారు. కంపెనీ తన భాగం తీసుకొన్న తరువాత, మిగిలింది ఆ నెలలో మొత్తం ఎన్నిసార్లు పాటలు మోగినవో లెక్కగట్టి పంచుతారు. మొత్తం పది కోట్లసార్లు మోగి, అందులో ఆమెవి 200 అయితే, కుండలో ఆమెది పది కోట్లలో 200 వంతు. మీ నూరులో పెద్దభాగం మీరు ఎన్నడూ వినని పాటలవారికి పోతుంది. పైగా స్పాటిఫై అనే కంపెనీ 2024 నుంచి ఒక నియమం పెట్టింది. గడిచిన 12 నెలలలో కనీసం 1,000 సార్లయినా వినబడని పాటకు రికార్డింగు తాలూకు పైకమే ఇవ్వదు. యూట్యూబులో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఆ ఖాతాకు సాధారణంగా 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. వచ్చినా అది వీడియో పెట్టిన ఖాతాకే చేరుతుంది. అందుచేత మన కుర్రవాడు పెట్టిన వీడియోను లక్షమంది చూసినా ఆ అమ్మాయికి తనంత తానుగా దమ్మిడీ రాదు.

అన్ని చోట్లా ఇలాగే ఉన్నదని కాదు. సౌండ్‌క్లౌడ్ అనేవారు 2021లో, చిన్న సంగీతకారుల విషయంలో, ఎవరు ఎవరిని విన్నారో చూసి వారి డబ్బు వారికే చేర్చే పద్ధతి తెచ్చారు. బాండ్‌క్యాంప్ అనే అంగడిలో సంగీతకారుడు తన పాటను తానే ధర కట్టి అమ్ముకోవచ్చు. పాటల అమ్మకంలో అంగడివారు నూటికి 15 తీసుకుంటారు, వస్తువులైతే 10. చెల్లింపు ఖర్చులు పోను మిగిలింది పాడినవారిదే. 2020లో మహమ్మారి వచ్చి కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు, ఆ మార్చి నెలలో ఒక శుక్రవారం తమ వాటా కూడా వదులుకున్నారు. జనం ఎగబడి కొన్నారు. ఆ శుక్రవారాలు తరువాతా చాలాసార్లు జరిగినవి. దారి సూటిగా ఉంటే జనం చేయి ఆడుతుందన్నమాట.

సరే, మనబోటి సంసారులు చేయగలిగింది ఏమిటి? నాకు తోచినవి చెబుతాను.

మొదటిది: ఇంట్లో సీమంతానికైనా, సంఘంలో ఉగాదికైనా పాటకు పిలిచినప్పుడు, ఎంత ఇస్తామో పిలిచిననాడే చెప్పాలి. వంటవారిని ఆశీర్వాదానికి పిలవం గదా! పక్కవాద్యాలవారి పైకం వేరుగా లెక్కకట్టాలి. కచేరీ కాగానే, మనం విస్తరిముందు కూర్చోకముందే, కవరు చేతికి అందాలి. శాలువా ఆ తరువాత కప్పితే శోభిస్తుంది.

రెండవది: పాసు అడగవద్దు. తెలిసినవారి కచేరీ అయితే మరీ అడగవద్దు. తెలిసినవారంతా పాసు అడిగితే టిక్కెట్టు కొనేది తెలియనివారా? వేళకు వెళ్లి, చివరి మంగళం దాకా కూర్చోవాలి. ఇంకొకరిని వెంటబెట్టుకొని వెళ్లాలి.

మూడవది: నచ్చిన పాటను పాడినవారి దగ్గరే కొనాలి. వారి సొంత పేజీలోనో, కచేరీ ముగిశాక బల్లమీద పెట్టిన పెన్‌డ్రైవో డిస్కో. అదీ లేకపోతే ఫోనుతో క్యుఆర్ గీతలమీద పట్టి పంపవచ్చు. కూరగాయల బండివానికి అలాగే ఇస్తున్నాంగా. పెళ్లిళ్లలో తాంబూలం సంచిలో ఎవరికీ పనికిరాని ప్లాస్టిక్ డబ్బాలు పంచే బదులు ఒక మంచి పాటల రికార్డు పంచితే, ఒక్క పెళ్లికే 200 ప్రతులు చెల్లుతవి.

నాలుగవది: ఇంటి కచేరీ. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంట, ఈ జార్జిటౌనులోనే, శుక్రవారం సాయంకాలాలు వినడానికి మహావిద్వాంసులు సైతం వచ్చి నిశ్శబ్దంగా కూర్చొనేవారు. మైకు లేదు, షామియానా లేదు. మన హాల్లో చాపలు పరిస్తే పాతికమంది పడతారు. తలకు 300 అయితే 7,500 అవుతుంది. మనకు భారం లేదు, వారికి పని దొరికింది.

ఐదవది: పిల్లలను వారి దగ్గర నేర్చుకోవడానికి పంపండి. చాలామంది సంగీతకారుల ఇల్లు గడిచేది పాఠాలమీదనే. పరీక్షల నెలలో, వేసవి సెలవులలో పిల్ల రాలేదు గనుక రుసుము ఎగ్గొట్టకండి. ఆ నెలా వారింట పొయ్యి వెలగాలి.

ఆరవది: ఫోనుతో తీసే ముందు అడగాలి. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 1994లో సవరించినప్పుడు, పాడేవారికీ వాయించేవారికీ తమ కచేరీమీద హక్కు కల్పించారు. మన ఇంట్లో మనం వినడానికి దాచుకోవడం వేరు, లోకానికి పంచడం వేరు. వారు సరేనంటే, పాట కట్టినవారి పేరు, పాడినవారి పేరు, మృదంగం వయొలిన్‌ల వారి పేర్లు, వారి పాటలు దొరికే చోటు రాసి పెట్టండి. అప్పుడు అదే వీడియో నష్టం పోయి సాయమవుతుంది.

"సంగీతం సరస్వతి గదమ్మా, అమ్ముకోవచ్చునా?" అని మా పెద్దాయన ఒకరు అన్నారు. ఆ సరస్వతి చేతిలో వీణ ఉన్నది. దానికి తంతులు తెగితే కొత్తవి ఎవరు కొనిపెడతారో ఆయన చెప్పలేదు. "మేము ధనవంతులం కామే" అన్నవారూ ఉన్నారు. గుప్పెడు బియ్యం వేసిన తిరువయ్యారు ఇల్లాళ్లు మాత్రం ధనవంతులా? ఇంకొక మాట కూడా చెప్పాలి. నచ్చని పాటను జాలిపడి మొయ్యమని నేను అనడంలేదు. జాలికి ఇస్తే అది దానమవుతుంది. వారికి దానం అక్కరలేదు. నచ్చినదానికి వెల ఇవ్వమంటున్నాను, అంతే. ఇచ్చాం గదా అని "ఆ సినిమాపాట ఒకటి పాడమ్మా" అని నడుమ చీటీలు పంపకుండా ఉంటే మరీ మేలు.

జ్యేష్ఠమాసం కార్యవర్గ సమావేశంలో నా తప్పు నేను ఒప్పుకున్నాను. ఇకమీదట ఏ వేడుకకైనా అంచనా కాగితంలో మొదటి పద్దు కళాకారుల పైకమేనని తీర్మానించాం. నేనూ, అధ్యక్షులవారూ కవరు పట్టుకొని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. ఆమె తీసుకోనంటే తీసుకోనన్నది. "ఇది బహుమతి కాదే తల్లీ, బాకీ. బాకీ వద్దనే హక్కు నీకు లేదు" అంటే తీసుకున్నది. కుర్రవాడు కూడా వచ్చి ఆమెను అడిగాడు. ఆమె చెప్పినట్టే ఒక్క పాట మాత్రం ఉంచి తక్కినవి తీసేశాడు. దానికింద అందరి పేర్లూ రాశాడు.

కథ సుఖాంతమని చెప్పలేను. ఆమె ఆ రాత్రి ఉద్యోగంలో చేరింది. ఇంటి పరిస్థితి అటువంటిది. మన కవరు నాలుగు నెలలు ముందు అందినా చేరేదేమో, మానేదేమో, నాకు తెలియదు. ఆదివారాలు మాత్రం పాట వదలలేదు. స్టూడియో పని సగంలో ఉన్నదట.

శ్రావణమాసంలో రెండవ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మా ఇంట ఆమె కచేరీ. చాపలు పాతికమందికే చాలుతవి గనుక ముందుగా కబురు పంపండి. బెంగుళూరు, బరంపురం, షోలాపురం, యానాంలలో ఉన్న మన పాఠకులు మీ ఊరి పాటగాళ్లను మీ ఇంటికే పిలవండి. ఎలా జరిగిందో నాకు ఉత్తరం రాయండి, వచ్చే నెలలలో ఇక్కడ చెప్పుకుందాం.

మా ఇంటికి వచ్చేవారు పళ్లు తేవద్దు. పళ్లు మేము కొంటాం. కవరు తెండి.